గ్లాసులు కడిగే బడి



ఈ నెల ఈ శీర్షికలో వేసవిలో పిల్లల ఆరోగ్యం గురించి వ్రాద్దామనుకున్నాము. ఇంతలో పల్నాడు ప్రాంతం నుండి ఒక తండ్రి వ్రాసిన ఉత్తరం వచ్చింది. అది చదివిన తరువాత వడదెబ్బ సంగతి వచ్చే నెలకు వాయిదా వేయక తప్పలేదు.

ఆయనకు రెండెకరాల సొంత పొలం ఉన్నది. మరో మూడెకరాలు కౌలుకు చేస్తారు. మిరప, పత్తి. ఒక్కతే పాప, ఆరేళ్ళు. పట్నంలో ఇంగ్లీషు మీడియం బడికి బస్సులో పంపుతున్నారు. ఉదయం ఏడు గంటలకు బస్సెక్కిన పిల్ల సాయంత్రం ఐదున్నరకు ఇల్లు చేరుతుంది. అన్నం తిని హోంవర్కు ముందు కూర్చుంటే తొమ్మిదింటికి పుస్తకం మీదే నిద్రపోతుంది. ఈ మధ్య ప్రతి ఉదయం కడుపునొప్పి అంటోందట. డాక్టరుగారు చూసి ఏమీ లేదన్నారు. ఆదివారం మాత్రం ఆ నొప్పి రావడం లేదు.

అదే పట్నంలో ఐదవ తరగతి వరకు చెప్పే చిన్న ప్రైవేటు బడి ఒకటి ఉందని, అక్కడ పిల్లలు ఏడవకుండా వెళ్తారని ఎవరో చెబితే ఆయన చూడబోయారు. ఆ తరువాత జరిగినది ఆయన మాటల్లోనే: "లోపలికి పోయి చూస్తే అయ్యగారూ, ఒక పిల్ల గ్లాసులు కడుగుతోంది. ఒక బాబు నేల తుడుస్తున్నాడు. ఇంకొకడు ఒక చెంబులో నీళ్ళు ఇంకో చెంబులో పోస్తున్నాడు. పుస్తకం పట్టుకున్న పిల్ల ఒక్కతి కనబడలేదు. మా నాయన నన్ను బడికి పంపింది చీపురు పట్టకూడదనే గదా. ఇప్పుడు నేను ఏటికి 18,000 కట్టి నా బిడ్డ చేతికి చీపురు ఇప్పించాలా?"

ఈ ప్రశ్నకు ఇంట్లో కుర్చీలో కూర్చుని జవాబు వ్రాయడం న్యాయం కాదనిపించింది. ఎందుకనో తరువాత చెప్తాము. బడి పేరు ఉత్తరంలోనే ఉన్నది గనుక ప్రధానోపాధ్యాయినిగారికి ఫోను చేసి అనుమతి అడిగాము. "రండి. కాని పిల్లలతో మాట్లాడవద్దు, మెచ్చుకోనూ వద్దు. మూలన చాప వేస్తాను, కూర్చుని చూడండి" అన్నారు. ముప్పై ఒక్క సంవత్సరాలు మండల పరిషత్ బడుల్లో పని చేసిన మా ఇద్దరికీ, మెచ్చుకోవద్దు అన్న మాట కొంచెం వింతగానే తోచింది.

ఒక బుధవారం ఉదయం తొమ్మిది నుండి పన్నెండున్నర వరకు ఆ చాప మీద కూర్చున్నాము. రెండు పెద్ద గదులు, ముప్పై ఎనిమిది మంది పిల్లలు. ఒక గదిలో మూడు నుండి ఆరేళ్ళ వాళ్ళు, రెండవ గదిలో అంతకు పెద్దవాళ్ళు. తరగతి వారీగా వరుసలు లేవు. బెంచీలు లేవు. గోడల వెంట పిల్లల చేతికందే ఎత్తులో అరలు, అరల్లో పళ్ళేలు. ఒక్కొక్క వస్తువు ఒక్కటే ఉన్నది. కావాలంటే తీసుకోవచ్చు. మరొకరి దగ్గర ఉంటే వాళ్ళు తిరిగి అరలో పెట్టేవరకు ఆగవలసిందే. నాలుగేళ్ళ బుడతడొకడు తనకు కావలసిన పళ్ళెం కోసం చేతులు వెనక్కు కట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. సంఘంలో సహపంక్తి భోజనాల రోజున పెద్దవాళ్ళమే అంత ఓపిక పట్టము.

ముందు ఆ నీళ్ళ సంగతి చూద్దాము. నాలుగేళ్ళ పిల్ల చిన్న చెంబులోని నీళ్ళను మరో చెంబులోకి పోస్తోంది. బయటనుంచి చూసేవారికి ఆటే. కాని ఆ పిల్ల మణికట్టు తిరిగే తీరు, నీటి అంచు మీద నిలిచిన చూపు గమనిస్తే అక్కడ జరుగుతున్నది వేరే అని తెలుస్తుంది. ఒక చుక్క కింద పడితే తనే గుడ్డ తెచ్చి తుడిచి మళ్ళీ మొదలుపెట్టింది. ఎవ్వరూ చెప్పలేదు. పక్కన ఒక బాబు ఒక పొడుగాటి చెక్కలోని పది గుంతలలో పది గుండ్రటి దిమ్మెలను అమరుస్తున్నాడు. ప్రతి దిమ్మె మీదా చిన్న పిడి. దానిని బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి పట్టుకోవాలి. రేపు బలపం పట్టుకోబోయేది ఆ మూడు వేళ్ళే. తప్పు గుంతలో పెడితే చివరికి ఒక దిమ్మె ఎందులోనూ పట్టక మిగిలిపోతుంది. "తప్పు" అని గద్దించే పంతులు అక్కర లేదు. చెక్కే చెబుతుంది.

రెండవ గదిలో మేము చూసిన ఒక లెక్క గురించి మాత్రం వివరంగా వ్రాయాలి. ఏడు, ఎనిమిదేళ్ళ బాబు చాప పరచుకుని బంగారు రంగు పూసలు పెట్టుకున్నాడు. విడి పూస అంటే ఒకటి. తీగెకు గుచ్చిన పది పూసల కడ్డీ పది. అలాంటి పది కడ్డీలు పక్కపక్కన కట్టిన పలక వంద. పది పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన దిమ్మ వెయ్యి. వెయ్యి ఎంతో ఆ పిల్లవాడికి అంకె వేసి చెప్పనక్కరలేదు, రెండు చేతులతో ఎత్తి చూశాడు గనుక తెలుసు.

వాడి లెక్క 302 లోనుండి 148 తీసివేయడం. మూడు వందల పలకలు, రెండు విడి పూసలు ముందు పెట్టుకున్నాడు. పదుల కడ్డీ ఒక్కటీ లేదు. ఎనిమిది పూసలు తీయాలి, ఉన్నవి రెండే. పదుల వైపు చూశాడు, అక్కడ ఖాళీ. కాసేపు అలాగే కూర్చున్నాడు. మాలో ఒకరికి లేచి వెళ్ళి చెప్పాలని చేతులు ఊరికే ఉండలేదు. మరొకరు చీర కొంగు పట్టి ఆపవలసి వచ్చింది. చివరికి వాడు ఒక వంద పలకను తీసుకుని అర దగ్గరకు వెళ్ళి, దానిని అక్కడ పెట్టి, పది కడ్డీలు తెచ్చుకున్నాడు. మళ్ళీ ఒక కడ్డీ తీసుకువెళ్ళి పది విడి పూసలు తెచ్చుకున్నాడు. ఇప్పుడు వాడి ముందు రెండు పలకలు, తొమ్మిది కడ్డీలు, పన్నెండు పూసలు. ఎనిమిది పూసలు, నాలుగు కడ్డీలు, ఒక పలక పక్కకు తీశాడు. మిగిలినది 154. కాగితం మీద వ్రాసుకుని, పూసలన్నీ ఎక్కడివక్కడ సర్ది, మంచినీళ్ళకు వెళ్ళాడు.

మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ లెక్క చెప్పాము. "ఒకట్లలో చాలకపోతే పక్కింటికి వెళ్ళి అప్పు తెచ్చుకో, పక్కింట్లో సున్నా ఉంటే ఆ పైయింటికి వెళ్ళు, దారిలో సున్నా తొమ్మిదవుతుంది" అని పాటలాగ నేర్పాము. సున్నా తొమ్మిదే ఎందుకవుతుంది, పది ఎందుకు కాదు అని ఏ పిల్లవాడైనా అడిగితే "చెప్పినట్టు చెయ్యరా" అన్నాము. పది కడ్డీలు వచ్చి అందులో ఒకటి ముందుకు వెళ్ళిపోయిందని, అందుకే తొమ్మిది మిగిలాయని, ఆ పిల్లవాడి చాప మీద మా కళ్ళకు కనబడింది.

ఇలా అడిగినవాళ్ళలో ఒకడు మాకు బాగా జ్ఞాపకం ఉన్నాడు. 1994 సంగతి. మూడవ తరగతి. మన పేట పిల్లవాడే. సున్నా ఉన్న తీసివేత వాడికి ఎన్నటికీ రాలేదు. "సున్నా దగ్గర ఏమీ లేదు గదా టీచరమ్మా, లేనివాడు అప్పు ఎట్లా ఇస్తాడు?" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. ఎదురు చెప్పాడని గోడకుర్చీ వేయించాము. అది ఒక రోజుతో పోలేదు. దసరా సెలవుల తరువాత వాడు బడికి రాలేదు. వాళ్ళ నాన్నతో మిరపకోతకు వెళ్తున్నాడని విని, చదువు అబ్బని వాడు అనుకుని రిజిస్టరులో పేరు కొట్టివేశాము.

చాలా ఏళ్ళ తరువాత సంతలో ఒక కూరగాయల గుట్ట ముందు ఆగాము. నలభై ఎనిమిది రూపాయలైంది, వంద నోటు ఇచ్చాము. అతను రెండు రూపాయల బిళ్ళ చేతిలో పెట్టి "యాభై", యాభై నోటు పెట్టి "వంద" అన్నాడు. కింద నుండి పైకి లెక్కించుకుంటూ ఎంత తేలికగా తీసివేశాడో! అప్పుడు తలెత్తి చూసి, గోనెపట్టా మీద నుంచి లేచి నిలబడి "నమస్తే టీచరమ్మా, నమస్తే మాస్టారూ" అన్నాడు. ఇంటికి వచ్చేదాకా మేము మాట్లాడుకోలేదు.

ఇందులో మా తప్పు ఇంకొంచెం ఉన్నది, దాచడం ఎందుకు. 1990ల మొదటి సంవత్సరాలలో బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో మన రాష్ట్రంలో ప్రాథమిక విద్యా పథకం ఒకటి నడిచింది. అప్పెప్ అని పిలిచేవాళ్ళము. పిల్లవాడు పని చేస్తూ నేర్చుకోవాలి, చుట్టూ ఉన్న వస్తువులతో చెప్పాలి, జట్లుగా కూర్చోబెట్టాలి, వాళ్ళు చేసినవి గోడకు తగిలించాలి అని మాకు శిక్షణ ఇచ్చారు. మేమూ వెళ్ళాము, భోజనం కూడా బాగుండేది. తిరిగి వచ్చి చార్టులు తగిలించాము. తనిఖీకి వచ్చినవారు చూసి సంతోషించారు. వారు వెళ్ళగానే బెత్తం మళ్ళీ అలమర మీద నుండి దిగింది. కాబట్టి ఆ బడిలో చూసినది మాకు తెలియనిది కాదు. తెలిసీ నమ్మనిది.

ఇక ఆ పద్ధతి ఎక్కడిదో కొద్దిగా చెప్పాలి. మాంటిస్సోరి అన్న పేరు బోర్డు మీద కనబడితే అది ధనవంతుల పిల్లల బడి అని మన వాళ్ళు పక్కకు తప్పుకుంటారు. మొదలైనది అలా కాదు. మరియా మాంటిస్సోరి ఇటలీ దేశపు వైద్యురాలు, 1896లో రోము విశ్వవిద్యాలయంలో పట్టా పొందారు. బుద్ధిమాంద్యం గల పిల్లలని లోకం పక్కన పెట్టిన పిల్లలతో పని చేస్తూ, ఫ్రాన్సు వైద్యులు ఇటార్, సెగాన్ అంతకు ముందు చేసిన ప్రయత్నాలను ఆధారం చేసుకుని, చేతితో పట్టుకుని నేర్చుకునే వస్తువులను తయారు చేశారు. 1907 జనవరి 6న రోములో సాన్ లొరెంజో అనే కూలిపేటలో మొదటి బాలల గృహం తెరిచారు. తల్లిదండ్రులు పగలంతా పనికి పోతే, ఇంట్లో వదిలిన చిన్నపిల్లలు మెట్లూ గోడలూ పాడు చేస్తున్నారని కట్టడాల యజమానులు ఒక గది ఇచ్చారు. పిల్లల మీద ప్రేమ కంటే గోడల మీది ప్రేమతో మొదలైన బడి అన్నమాట. ఆమె 1939లో దివ్యజ్ఞాన సమాజం వారి ఆహ్వానం మీద మద్రాసు వచ్చి అడయారులో సుమారు మూడు వందల మంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగడంతో శత్రుదేశస్థులని ఆమె కుమారుని నిర్బంధించారు, ఆమె తిరగడానికీ హద్దులు పెట్టారు. కుమారుని ఆగస్టు 31న, ఆమె డెబ్భైయవ పుట్టినరోజున విడిచిపెట్టారు. తరువాత కొడైకెనాలులో ఉండి, 1946 వరకు మన దేశంలోనే పని చేశారు.

అయితే ఒక్క హెచ్చరిక. ఆ పేరు మీద ఎవరికీ గుత్తాధికారం లేదు. ఎవరైనా బోర్డు మీద వ్రాసుకోవచ్చు. పేరు పెట్టుకుని లోపల మూడేళ్ళ పిల్లచేత ఇంగ్లీషు అక్షరాలు వందసార్లు వ్రాయించే చోట్లు మేము చూశాము. అరలోని వస్తువులకు దుమ్ము పట్టి ఉంటే ఆ పేరును నమ్మకండి.

ఇప్పుడు ఆ తండ్రి అడిగిన చీపురు దగ్గరకు వద్దాము. నిజం చెప్పాలంటే ఆ గదిలో కూర్చున్నప్పుడు మా కళ్ళు మొదట వెదికినది అదే. మేము చదువుకున్న రోజుల్లో, 1960లలో, ఊరి బడిలో చీపురు ఎవరి చేతికి ఇచ్చేవారో ఈ పత్రిక చదివే పెద్దలలో చాలామందికి తెలుసు. మాలో ఒకరు రెండవ తరగతిలో రోజూ అందరికంటే ముందు వెళ్ళి బడి ఊడ్చేవారు. నీళ్ళ కుండ మాత్రం ముట్టనిచ్చేవారు కాదు, ఎవరో పైనుంచి దోసిట్లో పోసేవారు. కరణంగారి అబ్బాయి చీపురు పట్టడం ఐదేళ్ళలో ఒక్కనాడూ చూడలేదు. అందుకే ఆ తండ్రి బాధను "పనికి గౌరవం ఉన్నది" అన్న ఒక్క ప్రసంగంతో కొట్టివేయడం మాకు చేతకాదు.

కాబట్టి చూశాము. ఎవరు ఊడుస్తున్నారు? తాను తాగిన గ్లాసు తానే కడగడం. తాను ఒలకబోసినది తానే తుడవడం. పదిన్నరకు ఒక బాబు చేతి నుండి నీళ్ళ చెంబు జారి చాప తడిసింది. వాడు పట్నంలో రైసుమిల్లు గలవారి మనుమడని తరువాత తెలిసింది. వాడే గుడ్డ తెచ్చి, తుడిచి, పెరట్లోకి వెళ్ళి పిండి, మళ్ళీ వచ్చి తుడిచాడు. మూడుసార్లు. వాడికి రెండడుగుల దూరంలో మన పేట నుండి వచ్చే పాప ఇసుక అంటించిన అట్టల మీద అక్షరాలు దిద్దుకుంటోంది. ఆ పాపను ఎవ్వరూ పిలవలేదు, తనూ లేవలేదు. పన్నెండు గంటలకు గదులు ఊడ్చే వంతు ఎవరిదో గోడ మీద పేర్లు వ్రాసి ఉన్నవి. ఆ వారం వంతులో టీచరు పేరు కూడా ఉన్నది.

బయటికి వచ్చాక ప్రధానోపాధ్యాయినిగారిని సూటిగానే అడిగాము. ఆమె నొచ్చుకోలేదు. "మీరు అడుగుతారని తెలుసు. మీవైపు వాళ్ళు 'మా పిల్లలకు మళ్ళీ ఇదే పనా' అంటారు. అటువైపు వాళ్ళు 'మా పిల్లలకు ఇదేం ఖర్మ' అంటారు. ఇద్దరు పిల్లలను ఈ సంవత్సరమే మాన్పించారు. మాన్పించినది మీవైపు వాళ్ళు కాదు" అన్నారు.

అంతా బాగుందని వ్రాస్తే మిమ్మల్ని మోసం చేసినట్టు. ఒక అబ్బాయి దాదాపు అరగంట అరల మధ్య తిరుగుతూ ఏమీ చేయలేదు. "వాడు ఎన్నుకుంటున్నాడు" అన్నారు టీచరు. మాకు మాత్రం వట్టినే తిరుగుతున్నాడనిపించింది. ఐదవ తరగతి అయ్యాక వాళ్ళు వెళ్ళవలసినది మామూలు బడికే. ఉన్నట్టుండి బెంచీ, గంట, మార్కులు. దానికి ఎలా సిద్ధం చేస్తారంటే చివరి ఏడాది వారానికొక పరీక్ష పెడతామన్నారు. అది చాలునో లేదో మేము చెప్పలేము. పైగా 18,000 కౌలు రైతుకు చిన్న మాట కాదు. విద్యాహక్కు చట్టం 2010 నుండి అమలులో ఉన్నది. అందులో పిల్లలను కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధం. చేస్తూ, వెదుకుతూ నేర్చుకోవాలని, బిడ్డ అన్ని విధాలా ఎదగాలని కూడా ఆ చట్టంలోనే ఉన్నది. ఊరి ప్రభుత్వ బడిలో కూడా ఇది అడిగి తీసుకోవచ్చు, ఫీజు లేకుండా. అడిగేవారు లేకనే మావంటి వాళ్ళము చార్టులతో గడిపేశాము.

ఇంటి దగ్గర చేయదగినవీ ఉన్నవి. పూసలు కొననక్కరలేదు. ఈనెపుల్లలు సమానంగా విరిచి, పదేసి దారంతో కట్టండి. అటువంటి కట్టలు పది కలిపి మోపు కట్టండి. విడి పుల్ల, కట్ట, మోపు: ఒకటి, పది, వంద. అప్పు తెచ్చుకోవడమంటే మోపు విప్పడమే. దారం విప్పే పని మాత్రం బిడ్డకే వదలండి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని మా అమ్మలు బియ్యం కొలుస్తూ నేర్పినది ఇదే చదువు. పళ్ళెంలో సన్నని ఇసుక పోసి వేలితో అక్షరాలు దిద్దించండి. ఇది ఇటలీ నుండి రావలసినది కాదు. 1700ల చివర మద్రాసులో సైనికుల అనాథ పిల్లల బడి చూస్తున్న ఆండ్రూ బెల్ అనే పాదిరిగారు మన వీధిబడి పిల్లలు ఇసుకలో వ్రాయడం చూసి ముచ్చటపడి, ఆ పద్ధతిని తమ బడిలో పెట్టి, తరువాత ఇంగ్లండుకు తీసుకువెళ్ళారు.

ఈ సంగతులన్నీ ఆ తండ్రికి వివరంగా వ్రాశాము. చేర్చమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఒక పూట పని మానుకుని, ఈసారి పాప తల్లిని కూడా తీసుకుని వెళ్ళి, ఆ చాప మీద మూడు గంటలు కూర్చోమన్నాము. చీపురు ఎవరి చేతిలో ఉన్నదో మీ కళ్ళతో చూడండి అన్నాము. ఇప్పుడున్న బడిలో కడుపునొప్పి సంగతి మాత్రం జూన్ దాకా ఆగవద్దని, హోంవర్కు తగ్గించమని టీచరుగారిని అడగమని వ్రాశాము.

పోయిన వారం ఫోను చేశారు. వెళ్ళి చూశారట. పాప తల్లికి నచ్చింది, ఆయన ఇంకా తేల్చుకోలేదు. మిరప ధర చూసి చెప్తానన్నారు. మాటల మధ్యలో వెనక నుండి ఆమె గొంతు వినబడింది: మీరు ఏం రాశారోగాని, ఈ పిల్ల పుల్లలన్నీ లాగి కట్టలు కడుతోంది, ఇంట్లో ఊడ్చుకోవడానికి చీపురు మిగల్లేదని.